పేరు రాయని చేతులు



ఈ వారం నిర్గమకాండము 35వ అధ్యాయం తెరిచి పెట్టుకోండి. ప్రత్యక్షపు గుడారం కట్టడానికి ఇశ్రాయేలీయులు అర్పణలు తెస్తున్న సందర్భం అది. 25, 26 వచనాల్లో నేర్పుగల స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని ఉంది. నీలం, ధూమ్రం, రక్తవర్ణం, సన్ననార. మేకవెంట్రుకలు వడికిన వాళ్ళూ ఉన్నారు. ఇంకొంచెం కిందికి వస్తే బెసలేలు పేరు కనిపిస్తుంది. అతని తండ్రి ఊరి, తాత హూరు, గోత్రం యూదా. అహోలీయాబుకు కూడా తండ్రి పేరు, గోత్రం పేరు రాసి ఉన్నాయి. నూలు వడికిన స్త్రీలలో మాత్రం ఒక్కరి పేరూ లేదు. వాళ్ళ పనిని దేవుడు గ్రంథంలో రాయించాడు. ఆ పని ఎవరిదో మనకు తెలియదు.

ఈ రెండు వచనాలు మనసులో పెట్టుకుని మేము కిందటి నెల మూసీ వెంబడి ఉన్న నేత పల్లెలు చూసి వచ్చాం. ప్రయాణానికి కారణం క్రిస్మస్ చీరలు. మన సంఘంలో ఏటా విధవరాండ్రకు చీరలు పెడతామని మీకు తెలుసు. ఈసారి ముప్పై ఎనిమిది మంది. పట్నంలో ఒక దుకాణంవారు పోచంపల్లి చీరలు చాలా తక్కువ ధరకు ఇస్తామంటే పెద్దలందరం సంతోషించాం. మాదిరి చీర ఒకటి తెప్పించి, షేక్‌పేటలో ఉంటున్న మన సంఘపు అమ్మాయికి చూపించాం. ఆమె ఫిలింనగర్‌లో సినిమాలకు బట్టలు కుట్టే చోట పని చేస్తోంది. చీర చెంగు తిప్పి వెనకవైపు చూపించింది. ముందు ఎర్రగా ఉన్న చోట వెనక వెలిసిపోయినట్టు ఉంది.

"ఇది పోచంపల్లి కాదు అయ్యగారూ, పోచంపల్లి పువ్వు అచ్చేసిన చీర. అసలుదైతే రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది. నూలుకే రంగు పడతది గదా."

అసలుది ఎలా ఉంటుందో, ఎవరు చేస్తారో చూసి వద్దామని అప్పుడే అనుకున్నాం. ఊరినుంచి పదకొండు మందిమి, షేక్‌పేట పిల్లలు ఐదుగురు, మొత్తం పదహారు మందిమి అయ్యాం. ముందురోజు సాయంత్రం షేక్‌పేట చేరి పిల్లల అద్దె గదుల్లోనే సర్దుకుని పడుకున్నాం.

మన పిల్లల జీవితం గురించి రెండు మాటలు చెప్పాలి. మద్రాసునుంచి తెలుగు సినిమా ఈ గుట్టలమీదికి వచ్చినప్పటినుంచి ఎన్నో పల్లెల పిల్లలకు జూబ్లీహిల్స్, ఫిలింనగర్ చుట్టూనే బతుకుతెరువు. తెరమీద కనబడేవాళ్ళు పదిమంది అయితే లైట్లు మోసేవాళ్ళు, సెట్లకు మేకులు కొట్టేవాళ్ళు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళు వందలమంది. ఒక అబ్బాయి తన పని చెప్పాడు. బీదవాడి పాత్రకు కొత్త చొక్కా కొంటారు. దాన్ని టీ డికాక్షన్‌లో ముంచి, ఆరబెట్టి, మెడ దగ్గర, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది పాతబడేలా చేయాలి. సినిమా అయిపోయాక పేర్లు పడే సమయానికి జనం లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోతారని ఆ అబ్బాయి నవ్వుతూ అన్నాడు.

పొద్దున్నే షేక్‌పేట సరాయి చూశాం. కుతుబ్‌షాహీల కాలపు సత్రం అది. గోల్కొండకు వచ్చే వర్తకుల బిడారులు దిగడానికి కట్టింది. రెండంతస్తుల్లో వరుసగా గదులు, పశువులను కట్టే చోటు, దగ్గరలోనే మసీదు. గోల్కొండ అంటే మనకు వజ్రాలే గుర్తొస్తాయి. ఆ రాజ్యానికి మచిలీపట్నం రేవునుంచి డబ్బు తెచ్చిన సరుకుల్లో బట్ట చాలా పెద్దది. పర్షియాకూ, తూర్పు దీవులకూ, తరవాత ఐరోపాకూ తెలుగు నేత, తెలుగు అద్దకం ఓడల్లో వెళ్ళాయి. బట్ట కొన్నవాడికీ అమ్మినవాడికీ రాజులు రాతి గదులు కట్టించారు, అవి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆ బట్ట నేసినవాడి గుడిసె ఎక్కడుండేదో చూపించే రాయి ఒక్కటీ లేదు.

అక్కడినుంచి వ్యాను ఎక్కి నగరం దాటి తూర్పుకు వెళ్ళాం. భూదాన్ పోచంపల్లి హైదరాబాదుకు దాదాపు 50 కిలోమీటర్లు. మూసీ కూడా నగరం మురుగంతా మోసుకుని ఆ మండలం వైపే పోతుంది. మనం వాడి వదిలిన నీళ్ళు వాళ్ళకు వెళ్తున్నాయి, వాళ్ళ చీరలు మనకు వస్తున్నాయి. వ్యానులో ఈ మాట ఎవరో అంటే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ ఊరికి భూదాన్ అన్న పేరు ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చారు. భూమి లేని నలభై హరిజన కుటుంబాలు తమకు 80 ఎకరాలు ఉంటే బతుకుతామని అడిగాయి. ఎవరైనా ఇస్తారా అని ఆయన సభలో అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఇచ్చినవారి పేరు, అడిగించినవారి పేరు చరిత్రలో నిలిచాయి, నిలవవలసినవే. ఆ నలభై కుటుంబాల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక నేత సంగతి. మామూలు చీరకు నేసేటప్పుడో నేసిన తరవాతో పువ్వు వస్తుంది. ఇక్కడ పువ్వు ముందే నూలులో దాగి ఉంటుంది. దారాలను బిగించి, గీత గీసి, రంగు తగలకూడని చోట సైకిలు ట్యూబునుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీలు చుట్టి ముడివేస్తారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు. కొన్ని ముడులు విప్పుతారు, వేరేచోట కడతారు, మళ్ళీ ముంచుతారు. ఎన్ని రంగులు కావాలంటే అన్నిసార్లు. ఆ తరవాతే నూలు మగ్గం ఎక్కుతుంది. పడుగు ఒక దారం జరిగినా, పేక ఒక వెంట్రుకవాసి తప్పినా పువ్వు చెదురుతుంది. దీన్నే చిటికి అంటారు. చీరాల వైపునుంచి ఈ పని తెలంగాణ పల్లెలకు వచ్చింది. చీరాలలో నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నూలును నానబెట్టి తేలియా రుమాళ్ళు చేసేవారు. అవి ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో అరబ్బు దేశాలదాకా వెళ్ళేవి. ఆ తేలియా పనిని సంస్థాన్ నారాయణపురం దగ్గర పుట్టపాకలో ఇంకా బతికించుకుంటున్నారు.

పోచంపల్లికి పేరు బాగానే వచ్చింది. మన దేశంలో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న మొదటి వాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఆ ఊరిని ఎంపిక చేసింది. అందుకే మనలాంటి చూడవచ్చేవాళ్ళు ఎక్కువ. మేము వెళ్ళిన ఇంట్లో గుంత మగ్గంమీద ఒకాయన నేస్తున్నాడు. మా పిల్లలు ఫోన్లు తీసి నాడె పోయేదీ వచ్చేదీ వీడియో తీసుకున్నారు. ఆయనకు అది అలవాటే, తల ఎత్తలేదు. ఆయన భార్య వసారాలో కూర్చుని ఆసు పోస్తోంది. ఆమెను ఎవరూ వీడియో తీయలేదు.

ఆసు అంటే తెలియనివాళ్ళకు చెబుతాం. ఒక కొనన ఒక మేకు, రెండో కొనన అర్ధచంద్రంలా మేకుల వరుస. నూలును ఈ మేకు మీదినుంచి ఆ మేకుకు, ఆ మేకు మీదినుంచి ఈ మేకుకు తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఒక్కో తిప్పుడు గజం దూరమే అనుకున్నా ఒక చీరకు ఆ చెయ్యి ఎనిమిది కిలోమీటర్లకు పైగా నడిచినట్టు. ఈ పని చాలావరకు ఆడవాళ్ళదే. చీర ఎంత బాగుందో చెప్పేవాళ్ళు ఆసును చూడరు, ఎందుకంటే చీరలో అది కనిపించదు.

మాతో వచ్చిన సహోదరి ఒకరు ఆమె పక్కన కూర్చుని, "భుజం నొయ్యదా అక్కా?" అని అడిగింది.

"నొయ్యకుంటే ఎట్ల? రాత్రి పండుకుంటే తెలుస్తది. మా అత్తకు చెయ్యే లేవకపోయేది, నెత్తి దువ్వుకోరాకపోయేది. ఊరికి మిషన్లు వచ్చినయి, మాకు ఇంక కొనుడు కాలే."

ఆ యంత్రం కథ మీలో చాలామందికి సినిమాగా తెలుసు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం పద్మశాలి ఇంట పుట్టారు. చదువు మధ్యలోనే ఆగింది. తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడడం చూసి, ఆ పని చేసే యంత్రం తయారు చేయాలని 1992లో మొదలుపెట్టారు. ఏడేళ్ళు పట్టింది. ఊళ్ళో నవ్వినవాళ్ళూ ఉన్నారు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది, భుజం నొప్పి పోయింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ప్రియదర్శి నటించగా మల్లేశం అన్న సినిమా వచ్చింది.

మమ్మల్ని ఆకట్టుకున్నది ఆ యంత్రం పేరు. కనిపెట్టినవాడు తన పేరు పెట్టుకోవచ్చు, లోకంలో అదే మర్యాద. ఆయన దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. ఎన్నో వేల చీరల్లో ఎక్కడా కనిపించని ఒక తల్లి చెయ్యి ఆ పేరులో కనిపిస్తుంది. అయిదో ఆజ్ఞలో తల్లిదండ్రులను సన్మానించమని దేవుడు చెప్పినదానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం మేము ఈమధ్య వినలేదు.

అక్కడే ఇంకో సంగతి జరిగింది. మాతో వచ్చిన వారిలో ఎనభై దాటిన అవ్వ ఒకామె ఉంది. చూపు మందగించింది. అందరూ రంగులు చూస్తుంటే ఆమె మగ్గం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని చప్పుడు వింటోంది.

"గిదే సప్పుడు అయ్యగారూ. మా తాతకు ఇంటి ముంగట గుంత ఉండేది. ముతక గుడ్డ నేసేటోడు. నేను గుంతల దిగి ఆడుకునేదాన్ని. మిల్లు బట్ట అగ్గువకు వచ్చినంక ఎవలూ కొనలే. గుంత పూడ్చి దాని మీదనే పొయ్యి పెట్టిండ్రు."

ఆమె మనవడు మా వ్యానులోనే ఉన్నాడు. ఆ మాట అతడు వినడం అదే మొదటిసారి.

ప్రియులారా, ఈ విషయం మనం మాట్లాడుకోవాలి. నేత వారసత్వం అంటే మనది కాదు, చూడ్డానికి వెళ్ళవలసినదే అనుకుంటాం. పద్మశాలీలు, దేవాంగులు వందల ఏళ్ళుగా ఆ కళను కాపాడారు, వారికి మన గౌరవం. అయితే మన మాలపల్లెల్లోనూ మగ్గాలు ఉండేవి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో మాలలు ముతక బట్ట నేసేవారని ఉంది. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఇప్పటికీ మాల సాలె, నేతకాని అన్న పేరు ఉంది. సాలె అన్నా నేతకాని అన్నా నేసేవాడే. పట్టు నేసినవారి చీరలు పెట్టెల్లో దాగి ఉన్నాయి. కూలివాడు పొలంలో కట్టుకున్న ముతక గుడ్డను ఎవరు దాస్తారు? అది చిరిగేదాకా కట్టారు, చిరిగాక పసిపిల్లలకు పరిచారు, అక్కడితో అయిపోయింది. గుంతలు పూడిపోయాయి. మన తాతలు మందిరానికి వచ్చి బైబిలు చదవడం నేర్చుకున్నారు, దేవునికి స్తోత్రం. వారి చేతులకు తెలిసిన పని మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు.

ఆ మగ్గాలను మాన్పించిన మిల్లులైనా నిలిచాయా అంటే అదీ లేదు. వరంగల్‌లో నిజాం కాలంలో, 1934లో, ఆజంజాహి మిల్లు పెట్టారు. వేలమందికి అన్నం పెట్టిన మిల్లు అది. మూతపడింది, స్థలం అమ్ముడుపోయింది. సిరిసిల్లలో మరమగ్గాలు వచ్చాయి. అక్కడి కార్మికులు నూలు ధరకూ అప్పుకూ మధ్య నలిగి ప్రాణాలు తీసుకున్న రోజులు మనం పేపర్లో చదివాం. యోబు తన దినాలను నేతగాని నాడెతో పోల్చి బాధపడ్డాడు (యోబు 7:6). మగ్గం ఎరిగిన ఇళ్ళలో ఆ వచనం ఇంకా లోతుగా తగులుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో చీరల మాట వచ్చింది. అసలు చిటికి చీరలు ముప్పై ఎనిమిది కొనడం మన కానుకలతో అయ్యే పని కాదు. సంఘ పెద్ద ఒకాయన సూటిగా అడిగారు: "విధవరాండ్రకు కావలసింది చీర. నేసినవారి పేరు కాదు. ఉన్న డబ్బుతో పదిమందికే ఇచ్చి ఇరవై ఎనిమిది మందిని ఉత్త చేతులతో పంపుదామా? ఆ ప్రింటు చీర కూడా ఎవరో ఒక కూలివాడు మరమగ్గంమీద నేసిందే కదా?"

ఆ మాటలో నిజం ఉంది, దాన్ని తోసివేయలేదు. ప్రింటు చీర కట్టుకున్నవారు ఎవరూ తప్పు చేసినవారు కారు. మన ఇళ్ళలో అందరం కట్టుకునేది అవే. చౌక బట్ట బీదవారికి దేవుడిచ్చిన మేలే. అయితే ఆ దుకాణం అమ్ముతున్నది ప్రింటు చీర అని చెప్పి కాదు, పోచంపల్లి అని చెప్పి. తొమ్మిది వేలసార్లు తిరిగిన చేతి పేరు తీసుకుని, ఆ చేతికి రూపాయి ఇవ్వకుండా అమ్మడం అది. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించడానికి 1985లో పార్లమెంటు చట్టం చేసింది కూడా ఇలాంటి అనుకరణలనుంచి నేతగాళ్ళను కాపాడడానికే. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవుల్లో పడతాయని చదువుతాం. కూలి బిగబట్టడం పొలంలోనే జరగదు.

"కావలసింది చీరే, పేరు కాదు" అన్నదానికి జవాబు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొరికింది. యొప్పేలో దొర్కా చనిపోయింది. పేతురు మేడగదిలోకి రాగానే విధవరాండ్రు ఏడుస్తూ అతని చుట్టూ నిలబడి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. గమనించండి, వాళ్ళు బీదవాళ్ళు. వాళ్ళకు బట్టే కావాలి. అయినా తమ ఒంటిమీద ఉన్న బట్ట ఏ చెయ్యి చేసిందో ఎరుగుదురు, పేరుతో చెప్పగలరు. నిర్గమకాండములో నూలు వడికిన స్త్రీలకు దొరకని సాక్ష్యం యొప్పేలో దొర్కాకు దొరికింది. ఆ సాక్ష్యం చెప్పింది పెద్దలు కారు, ఆ బట్టలు కట్టుకున్న విధవరాండ్రు. చేసినవారి పేరు చెప్పగలగడం డబ్బున్నవారి ముచ్చట కాదని వాక్యమే చూపిస్తోంది.

చౌటుప్పల్ దాటేసరికి ఒక మాటకు వచ్చాం. పట్టు వద్దు, చిటికి వద్దు. చిన్న అంచు ఉన్న సాదా నూలు చీరలు, మగ్గంమీద నేసినవి, ముప్పై ఎనిమిదీ తీసుకుందాం. ఎవరినీ తగ్గించం. ధర ప్రింటు చీరకంటె ఎక్కువే అవుతుంది. ఆ తేడాకు క్రిస్మస్ వరకు ప్రతి ఇల్లూ నెలకు యాభై రూపాయలు వేరే కవరులో వేయాలి. షేక్‌పేట పిల్లలు ఐదుగురూ తమ వంతు మొదటే ఇచ్చారు. నేసే కుటుంబాలకు సగం డబ్బు ముందే ఇస్తాం, మిగతాది చీరలు అందిన రోజే. అప్పు పెట్టం. బేరం చేసేముందు నూలుకు ఎంత, రంగుకు ఎంత, చేతికి ఎంత మిగులుతుందో అడుగుతాం. ఆ కుటుంబాల్లో నేసినవారి పేరు, ఆసు పోసినా కండెలు చుట్టినా ఆ ఆడవాళ్ళ పేర్లు, వారు ఒప్పుకుంటే, మన సంఘ రిజిస్టరులో రాస్తాం. చీర ఇచ్చేటప్పుడు ఆ పేరు చదివి ఇస్తాం. మన దేశంలో 2019–20 చేనేత గణన ప్రకారం 35 లక్షల మందికి పైగా ఈ పనిలో ఉన్నారు, నూటికి 70 మందికి పైగా స్త్రీలే. అందరి పేర్లూ మనం రాయలేం. ముప్పై ఎనిమిది చీరల వెనక ఉన్న పేర్లు రాయగలం.

మీకు ఒక పని అప్పగిస్తున్నాం. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, మన తాతముత్తాతలు ఏ పని చేసేవారని అడగండి. మగ్గం ఉండేదా, ఎక్కడ ఉండేది, ఏం నేసేవారు, ఎవరు కండెలు చుట్టేవారు. చెప్పింది కాగితంమీద రాసి ఆదివారం తీసుకురండి. మొదటి కాగితం ఆ అవ్వ మనవడు ఇప్పటికే ఇచ్చాడు. దానిమీద వాళ్ళ ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు ఉన్నాయి.

ప్రార్థన చేద్దాం. ఆదాము హవ్వలకు నీ చేతులతోనే వస్త్రం చేసి తొడిగించిన తండ్రీ, మా ఒంటిమీద ఉన్న ప్రతి బట్ట వెనక ఒక చెయ్యి ఉందని మాకు జ్ఞాపకం చేయుము. నొప్పితో నిద్రపట్టని భుజాలకు విశ్రాంతినిమ్ము. తగిన కూలి ఇప్పించుము. మేము పేర్లు ఎరుగనివారిని నీవు పేరుపెట్టి పిలుచువాడవు. మాకు కూడా కొన్ని పేర్లు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.